ఎసరు మరిగేదాకా

పోయిన శ్రమ దినాల్లో, ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల్లో, మా చర్చిలో ఆడవాళ్ళకు ఒక తరగతి పెట్టారు. వాక్యాన్ని నెమ్మదిగా, ప్రార్థనతో చదవడం ఎట్లాగో నేర్పిస్తారట. నేర్పేది కొత్తగా వచ్చిన పాస్టరుగారు, మా మనవడి వయసువాడు. తలా ఒక కాగితం పంచారు. ఒకసారి చదివి వినండి, రెండోసారి చదివి ఒక మాట పట్టుకోండి, మూడోసారి చదివి ప్రభువుతో మాట్లాడండి, ఆ తర్వాత ఊరకే కూర్చోండి అని అందులో ఉంది. చదివి నవ్వుకున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, డెబ్బై దాటాక నాకు చదవడం నేర్పుతారా? పైగా ఆ కాగితంలో ఉన్నదంతా, వేలిముద్ర తప్ప సంతకం ఎరగని మా అవ్వ నాకు ఎప్పుడో చెప్పింది.

అంతటితో ఊరుకొని ఉంటే బాగుండేది. ఇది ఎట్లా ఉంటుందో వినండమ్మా అంటూ పాస్టరుగారు తన ఫోను మైకు దగ్గర పెట్టారు. సూళ్లూరుపేటలో ఒక పెద్దావిడ రోజూ పొద్దున్నే ఒక్క వచనం చదివి వాట్సాప్‌లో పంపుతుందట. అది వినందే పొయ్యి వెలిగించని ఇళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో చాలా ఉన్నాయట. గొంతు వినపడింది. ఒక్కో మాట దగ్గర ఆగి, దాన్ని విడవడానికి మనసొప్పనట్టు చదువుతోంది. నా పక్కనున్న నర్సమ్మ కళ్ళు మూసుకుంది. ముందు వరసలో ఎవరో కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. ఆ గొంతు నాకు తెలియకపోవడమేమిటి? మా పిన్ని కూతురు. నాకంటే రెండేళ్ళు చిన్నది.

నిజం చెప్తున్నాను, కడుపు భగ్గున మండింది. ప్రార్థన కోసం పోయిన చోట, చేతిలో బైబిలు పెట్టుకొని, ఈ వయసులో కుళ్ళుకున్నాను. చివర్లో ఇచ్చే టీ కూడా తాగకుండా ఆటో ఎక్కేశాను. ఆటోలో కూర్చొని తలుచుకుంటే అరవై ఏళ్ళ పైమాటే. అన్నేళ్ళుగా నాకు ఆ పిల్లంటే పడదు. పెళ్ళిళ్ళలో, చావుల్లో కనపడితే ఇద్దరం కౌగిలించుకుంటాం, నువ్వు చిక్కిపోయావంటే నువ్వు చిక్కిపోయావనుకుంటాం. లోపల మాత్రం అది అట్లాగే ఉంది.

మా ఊరు చిల్లకూరు దాటి సముద్రం వైపు పోతే వస్తుంది. ఇప్పుడు ఎటు చూసినా రొయ్యల గుంటలే. అప్పుడు ఇసక దిబ్బలు, సరుగుడు తోటలు, పల్లంలో వరిచేలు. మా పాలెం మొత్తం క్రైస్తవులమే. గుడి ముందు వేపచెట్టుకు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడదీసి ఉండేది. దాన్ని కొడితే అదే మా గంట. నాయన గూడూరులో బియ్యం మిల్లులో పని చేస్తూ పదిహేను రోజులకొకసారి వచ్చేవాడు. ఇంట్లో అమ్మ, నేను, అమ్మను కన్న అవ్వ. ఇల్లు అవ్వదే. మట్టి గోడలు, పైన తాటాకు.

నేను చెప్పేది వానల కాలం సంగతి. మా వైపు వానలంటే దీపావళి దాటాక వచ్చేవే. ముసురు పట్టిందంటే నాలుగైదు రోజులు సూర్యుడి మొహం కనపడదు. తడిసిన తాటాకు వాసన, సరుగుడు కట్టెల పొగ, పొయ్యిమీద ఉట్టిలో దాచిన ఎండు నెత్తళ్ళ చేపల వాసన అన్నీ కలిసి ఇంట్లో ఒకటే వాసనగా ఉండేది. బట్టలకు కూడా అదే వాసన. బళ్ళో పక్క పిల్ల ముక్కు మూసుకుంటే నాకు ఎందుకో అర్థమయ్యేది కాదు. ఉప్పేసి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కుండలో ఉంటే, అమ్మ అటు తిరగగానే ఒక గుప్పెడు లంగా మడతలోకి పోయేవి. ఆ తడి లంగాకు అంటుకొని నా దొంగతనం బయటపడేది.

అవ్వకు చూపు మందగించి నాట్లకు పోవడం మానేసింది. పొద్దున్నే అమ్మ పొయ్యిమీద అన్నానికి ఎసరు పెట్టగానే, అవ్వ గోడకు ఆనుకొని చాపమీద కూర్చొనేది. ఆమెకు చదువు రాదు కాబట్టి ఎవరో ఒకరు పీట వేసుకొని పక్కన కూర్చొని వాక్యం చదవాలి. ఎసరు మరిగేదాకా చదువు. ఎసరు తెర్లిందంటే ఆమెన్. అమ్మ బియ్యం పోసేది. మా ఇంట్లో గడియారం లేదు. ప్రార్థన ఎంతసేపు అనేదానికి కొలత ఆ కుండే. వానాకాలం తడి కట్టెలు తొందరగా అంటుకోవు గనక ప్రార్థన పొడుగయ్యేది.

ఈ పద్ధతి అవ్వకు ఎక్కడిదంటే, ఆమె చిన్నతనంలో ఒక బైబిలు స్త్రీ నడిచి వచ్చేదట. ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ వారానికి ఒకసారి ఒక్కో ఊరికి వచ్చి, అక్షరం రాని ఆడవాళ్ళను కూర్చోబెట్టి ఒక్క వచనం చెప్పి పోయేది. మళ్ళీ వారం దాకా అదే తిండి. నాట్లేస్తూ, కలుపు తీస్తూ వంగినవాళ్ళు వంగినట్టే ఆ ఒక్క ముక్కను ఒకరికొకరు చెప్పుకొని నెమరేసేవాళ్ళట. మళ్ళీ ఆమె వచ్చినప్పుడు, మీకేం దొరికిందమ్మా అని ఒక్కొక్కర్నీ అడిగేదట. అందుకే మా ఇంట్లో కూడా చదివాక కాసేపు ఎవరూ మాట్లాడకూడదు. ఆ తర్వాత అవ్వ అందర్నీ వరసగా, నీకేం దొరికిందని అడిగేది. దొరికిన మాట ఒక్కటి చెప్పాలి. పొయ్యి దగ్గర కళ్ళు నలుపుకుంటున్న మా అమ్మకు ఎప్పుడూ ఒకటే మాట దొరికేది, ఆమెన్ అని. ఆమెకు బియ్యం పొయ్యాలనే తొందర.

రెండో తరగతి నుంచీ పీటమీద కూర్చొని చదివేది నేనే. నాలాగా గడగడా చదివేవాళ్ళు పాలెంలో లేరు. ఎసరు మరిగేలోపు రెండధ్యాయాలు అవగొట్టేదాన్ని. అవ్వ మధ్యలో నా మోకాలు తట్టి, ఏందమ్మా ఆ పరుగు, ఎనకాల కుక్కలేమన్నా తరుముతుండాయా అనేది. నేను అది మెప్పనుకొనేదాన్ని. నాకు దొరికిన మాట ఎప్పుడూ పెద్దదే ఉండాలని ముందే ఏరి పెట్టుకొనేదాన్ని. మహిమ, నిత్యజీవం, పరిశుద్ధత. అవ్వ ఊఁ అనేది.

నాకు కావలసింది అవేవీ కావు. ఆమెన్ చెప్పేటప్పుడు చదివినవాళ్ళ తలమీద అవ్వ చెయ్యి పెట్టేది. ఏళ్ళ తరబడి బురదలో నాటి నాటి వేళ్ళ కొసలు పగిలిపోయిన చెయ్యి. గరుగ్గా, వెచ్చగా ఉండేది. ఆ చెయ్యి నా తలమీద ఉన్నంతసేపూ ఇంటికంతా నేనే రాణిని. మా అమ్మ చేతులంటారా, వాటికి ఎప్పుడూ పనే. పని లేనప్పుడు నా వీపుమీద పడేవి. అందుకే నాకు అవ్వ చెయ్యి ఒక్కటే లెక్క.

అట్లాంటి ఇంట్లోకి ఆ పిల్ల వచ్చింది. మా పిన్ని పులికాటు సరస్సు అవతలి ఒడ్డున కాపురం ఉండేది. చిన్నాయన పడవల మీద పని. అటు బడి అరవంలోనే కాబట్టి పిల్ల అరవ అక్షరాలే నేర్చుకుంది. పిన్ని జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. చిన్నాయన పిల్లను సూళ్లూరుపేటలో రైలెక్కించి తీసుకొచ్చి, మా వాకిట్లో వదిలి, అన్నం కూడా తినకుండా వెనక్కి పోయాడు. పేట నుంచి వచ్చింది కాబట్టి పాలెంలో అందరూ పేట పిల్ల అన్నారు. అదే పేరు స్థిరపడిపోయింది. మాటకు ముందొక అరవ ముక్క, వెనకొక అరవ ముక్క. మొహం అచ్చు మా పిన్నిదే. అవ్వ ఆ మొహాన్ని దగ్గరికి లాక్కొని చూసి, మళ్ళీ తల తిప్పుకొనేది. కూతురు పోయినప్పటి నుంచీ అవ్వ ఆమె పేరు పలకలేదు. ఎవరైనా పలికితే లేచి పెరట్లోకి పోయేది.

మొదట్లో నాకు జాలే. నా దుప్పట్లో సగం ఇచ్చాను. దొంగిలించిన వేరుశనక్కాయల్లో సగం ఇచ్చాను. పలకమీద తెలుగు అక్షరాలు దిద్దించింది కూడా నేనే. నా గొయ్యి నేనే తవ్వుకోవడమంటే అదీ.

అప్పుడే గూడూరులో సండే స్కూలు పిల్లలకు కంఠత వాక్యాల పోటీ జరిగింది. నాయన వచ్చి నన్ను తీసుకుపోయాడు. ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పి మొదటి బహుమతి కొట్టాను, రంగులేసిన రేకు పెన్సిలు డబ్బా. మూడోనాడు పొద్దున్నే డబ్బా గలగలలాడించుకుంటూ ఇంట్లోకి అడుగు పెట్టేసరికి, నా పీటమీద పేట పిల్ల కూర్చొని ఉంది. అక్షరం కింద వేలు పెట్టి, కూడబలుక్కొని చదువుతోంది. నాణెం పోగొట్టుకున్న ఆడమనిషి దీపం పెట్టి ఇల్లంతా వెతికే కథ. అదే ఒక్క వచనం. ఒక మాట పూర్తయ్యేసరికి నేనైతే పేజీ తిప్పేదాన్ని. ఎసరు మరిగింది. నీకేం దొరికిందమ్మా అని అవ్వ అడిగితే, ఆ పిల్ల ఆలోచించి ఊడ్చడం అని చెప్పింది. ఊడ్చడం! మహిమ కాదు, సంతోషం కాదు. నేను కిసుక్కున నవ్వాను. అవ్వ నవ్వలేదు. ఆడమనిషి చీపురు పట్టింది కూడా దేవుడి పుస్తకంలో రాసుండాదా, నేను ఇన్నేళ్ళూ ఇనలా అని ఆశ్చర్యపోయింది. చెయ్యి తీసి ఆ పిల్ల తలమీద పెట్టింది.

పెన్సిలు డబ్బా చూపించాను. బాగుండాదమ్మా అని తడిమి నా చేతిలో పెట్టేసింది. ఇంక నుంచి వాక్యం పాప చదువుతాదిలే, నీకు బడి చదువు ఉండాది గదా, నువ్వు పొయ్యి చూసుకో అంది. అంతే. ఎక్కడా కోపం లేదు, ఏ తప్పూ చెప్పలేదు. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఏమిటో నాకు ఆ పొద్దున తెలిసింది.

అప్పటి నుంచీ నా చేతికి ఊదుగొట్టం వచ్చింది. వాళ్ళిద్దరూ అక్కడ చాపమీద, నేను ఇక్కడ పొగలో. నా కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే పొగవల్ల అనుకొనేవాళ్ళు. సగం పొగవల్లే. నేను ఊరకే కూర్చునే రకం కాదు. ఎండు తాటిమట్టలు ఏరి, తడవకుండా మంచం కింద దాచి, పొద్దున్నే పొయ్యిలోకి తోసి, బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊదేదాన్ని. ఎసరు చిటికెలో తెర్లేది. ఆ పిల్ల రెండోసారి చదవడం పూర్తి కాకముందే ఆమెన్ పడేది. ఈరోజు ఎసరు తొందరపడినట్టుండాదే అని అవ్వ అనుకొనేది. అమ్మకు మాత్రం కట్టెలు తొందరగా అయిపోతున్నాయని అర్థమై, నన్ను తిట్టింది.

దానికి దొరికే మాటలు వింటే నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు అప్పుడు అనే మాట చెప్పింది. ఇంకొకరోజు కూర్చొని అనే మాట. ఇవీ మాటలేనా? అవ్వ వాటిని పట్టుకొని రోజంతా నెమరేసేది. చేటలో బియ్యం చెరుగుతూ, కూర్చొనుండినాడంట, ఆయన కూడా అలిసిపోయి కూర్చొనుండినాడంట అని తనలో తను చెప్పుకొని పోయేది. నేను పోటీ పెట్టుకొని ఇంకా పెద్ద మాటలు వెతికేదాన్ని. ఒకసారి మెల్కీసెదెకు అని ఎవరో పాతకాలపు రాజు పేరు చెప్పాను. ఆరోజు చదివిన వచనంలో అది లేనే లేదు. అవ్వ ఊఁ అని కూడా అనలేదు.

ఒక పొద్దున పేట పిల్లకు దగ్గు పట్టుకొని గొంతు పెగల్లేదు. అవ్వ నన్ను పిలిచింది. పరుగున పోయి పీటమీద కూర్చున్నాను. అప్పుడొక పని చేశాను, ఇప్పుడు చెప్పుకుంటే నాకే సిగ్గు. దానిలాగా చదివాను. అక్షరం కింద వేలు పెట్టి, అక్షరం రానట్టు ఆగి, కూడబలుక్కొని, గొంతు సన్నం చేసి. పోటీలో మొదటి బహుమతి కొట్టినదాన్ని, చదువు రానట్టు నటించాను. సగంలో మా అమ్మ పొయ్యి దగ్గర ఫక్కున నవ్వింది. అవ్వ చివరిదాకా వింది. ఆ తర్వాత, నీ చదువు నువ్వు చదువుకోమ్మా, ఎరువు సొమ్ము బరువు చేటు అంది. నవ్వుతూ నా తలమీద చెయ్యి పెట్టింది. నవ్వుతున్న చెయ్యి నాకెందుకు? తల పక్కకు తీసేశాను. దుప్పటి కప్పుకొని గోడవారగా కూర్చున్న పేట పిల్ల మాత్రం నవ్వలేదు. అది నవ్వి ఉంటే దాన్ని తిట్టడానికైనా వీలుండేది. నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు కూర్చుంది.

ఇక అవ్వ ముందు దాని పరువు తీయాల్సిందేనని నిశ్చయించుకున్నాను. ఏరోజుకారోజు ఆ పిల్ల చదివిన చోట తాటాకు చీలిక ఒకటి గుర్తుగా పెట్టి, పెన్సిలుతో వచనం పక్కన చుక్క పెట్టేది. మర్నాడు అది ఆకు దగ్గర తెరిచి, చుక్క తర్వాత నుంచి చదివేది. బైబిల్లో ఫలానావాడి కొడుకు ఫలానా అంటూ పేజీలకు పేజీలు పేర్లే ఉండే చోట్లున్నాయి. నోరు తిరగని పేర్లు. పెద్ద పాస్టర్లు కూడా వాటిని దాటేసి పోతారు. ఒక మధ్యాహ్నం వాన దంచి కొడుతోంది. అమ్మ నాట్లకు పోయింది. అవ్వ చాపమీద నిద్రపోతోంది, పేట పిల్ల ఆమె కొంగు పట్టుకొని పక్కన పడుకొని ఉంది. నేను ఆకు తీసి ఆ పేర్ల మధ్యలో పెట్టి, చుక్క కూడా పెట్టి, పాత చుక్కను ఉమ్మితో తుడిచేశాను. పేర్ల దగ్గర అది తడబడి ఏడవాలి, అవ్వ విసుగుపడి నన్ను పిలవాలి. నాకు కావలసింది అంతే.

మర్నాడు పొద్దున అమ్మ గడప దగ్గర కూర్చొని గోగాకు వలుస్తోంది. నేను పొయ్యి ముందు ఊదుగొట్టంతో కాచుకొని ఉన్నాను. పేట పిల్ల ఆకు దగ్గర తెరిచింది. ఒక క్షణం పేజీ వైపు చూసి, వేలు పెట్టి మొదలుపెట్టింది. ఒక పేరు. వాడి కొడుకు పేరు. వాడి కొడుకు పేరు. ఒక్కో పేరుకూ నాలుగైదు సార్లు ఆగింది. ఏడవలేదు. అవ్వ తల వంచుకొని వింది.

"ఎవరమ్మా వీళ్ళంతా?" అని అడిగింది.

"తెలీదవ్వా. పేర్లు."

"ఏం చేసినారో రాయలా?"

"లేదవ్వా. పేరే."

మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివింది. మూడోసారి కూడా చదివించింది. ఇప్పుడు విసుగుపడుతుంది, ఇప్పుడు నన్ను పిలుస్తుంది అని నేను ఊదడం కూడా మరిచిపోయి చూస్తున్నాను. అవ్వ మెల్లగా, ఏ గొప్ప పనీ చెయ్యనోళ్ళ పేర్లు కూడా ఆయన రాసి పెట్టుకున్నాడు చూడమ్మా అంది. మనోళ్ళ పేర్లు ఎవరు రాసినారు అంది. తన నాయన పేరు చెప్పింది. ఆయన్ను కన్న ఆమె పేరు చెప్పింది. గాలివానలో కొట్టుకుపోయిన తన అన్న పేరు, కాన్పులో పోయిన వదిన పేరు, పేరు పెట్టకముందే పోయిన బిడ్డకు తను మనసులో పెట్టుకున్న పేరు. ఏ కాగితంలోనూ లేని పేర్లు. ఆమె ఒకటి చెప్తే పేట పిల్ల పుస్తకంలో ఉన్నట్టే దాన్ని తిరిగి నెమ్మదిగా పలుకుతోంది. చివరికి అవ్వ ఆగిపోయింది. ఆ తర్వాత రావలసిన పేరు ఏదో ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ పిల్లే పలికింది. వాళ్ళమ్మ పేరు. ఆ పేరు నేనిక్కడ రాయను.

అవ్వ ఆ పేరు తిరిగి అంది. మళ్ళీ అంది. ఆ పిల్ల తలను ఒళ్ళోకి లాక్కొని, ఆ తలమీద చెయ్యి పెట్టి, కూతురు పోయిన తర్వాత మొట్టమొదటిసారి నోరు తెరిచి ఏడ్చింది. గడప దగ్గర అమ్మ చేతిలో గోగాకు చేతిలోనే ఉంది. పోయింది ఆమెకు చెల్లెలు. నాకు వాళ్ళెవరి ఏడుపూ కనపడలేదు. ఆ చెయ్యి ఒక్కటే కనపడింది. ఎప్పుడూ ఆమెన్‌తో లేచిపోయే చెయ్యి ఆరోజు లేవనే లేదు. పరువు తీద్దామని నేనే ఆ పేజీ తెరిచిపెట్టి, నేనే దాన్ని ఆ ఒళ్ళో కూర్చోబెట్టాను కదా అని కుళ్ళి కుళ్ళి చచ్చాను.

ఎసరు సంగతి నాకు గుర్తు లేదు. కుండ పొంగి పొయ్యిలోకి పొర్లింది. చుయ్యిమని పొయ్యి ఆరి, వేడి బూడిద నా మొహం నిండా, తలనిండా లేచింది. కళ్ళు కనపడలేదు. అమ్మ ఒక్క అంగలో వచ్చి, పొయ్యి చూసుకోమంటే ఏడ చూస్తుండావే అని వీపుమీద రెండు అంటించింది. ఒకటి నడుమున, ఒకటి కుడి భుజం కింద. దానికేమో చెయ్యి, నాకేమో దెబ్బలు అనుకున్నాను. ఆరోజు ఇంట్లో అన్నం ఆలస్యమైంది. గోగాకులో ఎండు రొయ్యలేసి చేసిన కూర అందరూ వేలు నాకి తిన్నారు. నాకు సహించలేదు.

ఆకు అక్కడికి ఎట్లా వచ్చిందని నన్నెవరూ అడగలేదు. ప్రభువే ఆకు జరిపినాడు అని అవ్వ తేల్చేసింది. వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ అదే చెప్పింది. గుడిలో సాక్ష్యంగా కూడా చెప్పింది. ఆమె చెప్తున్నంతసేపూ నేను తేలు కుట్టిన దొంగలాగా తల వంచుకొని చాప పుల్లలు పీకేదాన్ని. పీట మళ్ళీ నా దగ్గరికి రాలేదు. నేను పై చదువులకు నెల్లూరు హాస్టలుకు పోయాను. ఆ పిల్ల అవ్వ దగ్గరే ఉండి, ఆఖరి రోజు దాకా చదివి పెట్టింది. అవ్వ తన బైబిలు ఎవరికిచ్చిపోయిందో వేరే చెప్పక్కర్లేదు.

తరగతి నుంచి ఇంటికొచ్చాక ఆ మధ్యాహ్నం అన్నం తినబుద్ధి కాలేదు. ఫోను తీసి దానికి కొట్టాను. మా చర్చిలో నీ చదువు వినిపించారు, అందరూ ఏడ్చారు అని చెప్పాను. అవునా అక్కా అని మామూలుగా అంది. ఆ మామూలుతనానికి నాకు ఇంకా మండింది. అరవై ఏళ్ళుగా నోట్లో ఆపుకున్నది బయటికొచ్చేసింది.

"అప్పుడు ఆ ఆకు జరిపింది ప్రభువు కాదు. నేను," అన్నాను.

అవతల పొయ్యి ఆపిన చప్పుడైంది.

"తెలుసక్కా. నేను నిద్రపోలా. నువ్వు ఉమ్మితో చుక్క తుడిచేది చూస్తానే ఉండా."

మరి అవ్వకెందుకు చెప్పలేదని అడిగాను. నీమీద ప్రేమ కొద్దీ అంటుందనుకున్నాను. ఇంత ప్రార్థన చేసే మనిషి అదే కదా అంటుంది. అంటే దానికి కూడా కుళ్ళుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.

"చెప్తే పెద్దమ్మ నిన్ను కొట్టుండేది గదా," అంది.

"కొడితే నీకేం?"

"కొట్టేది బానే ఉండునక్కా. కొట్టినాక తుడిచేది చూడు, అది చూడలేక చెప్పలా. ఆరోజు ఎసరు పొంగినప్పుడు నీకు రెండేసి, మళ్ళా నిన్ను దగ్గరికి లాక్కోలా? నీ మొహం మీద బూడిదంతా కొంగుతో తుడిచింది. యాడన్నా కాలిందేమోనని నీ చేతులు తిప్పి తిప్పి చూసింది. నీ కంట్లో ఊదింది. అవ్వ చెయ్యి నా తలమీదే ఉండింది. నేను మాత్రం మిమ్మల్నే చూస్తా ఉండా. కడుపు మండిపోయిందక్కా నాకు. ఇంకోసారి అది చూసే ఓపిక నాకు లేదు."

ఫోను పెట్టేశాను.

అమ్మ పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఆ ఫోను చేసిన రోజు నుంచీ పొద్దున్నే కూర్చొని, అవ్వ చెప్పిన పద్ధతిలోనే, ఆ ఉదయాన్ని మొదటి నుంచీ నెమ్మదిగా తలుచుకుంటున్నాను. వాన చప్పుడు వినపడుతుంది. పేర్లు వినపడతాయి. ఎసరు పొంగుతుంది, పొయ్యి చుయ్యిమంటుంది, బూడిద లేస్తుంది. నడుమున ఒక దెబ్బ, కుడి భుజం కింద ఒక దెబ్బ. ఆ తర్వాత కొంగు రావాలి. మళ్ళీ మొదటి నుంచీ తలుచుకుంటాను. కొంగు రావడం లేదు.